మూడో పిస్టను ఎందుకు విరిగింది: ఇంట్లో ఒక టర్బో ఇంజను పునర్నిర్మాణం

బల్ల మీద వరుసగా పెట్టిన పిస్టన్లలో ఒకటి, రెండు, నాలుగు సిలిండర్ల నుంచి వచ్చినవి పైన కొంత మసి పట్టడం తప్ప చెక్కుచెదరకుండా ఉన్నాయి. మూడో సిలిండరులోంచి వచ్చినదానికి మాత్రం మొదటి రింగుకూ రెండో రింగుకూ నడుమ ఉండే సన్నని గట్టు, మెకానిక్కులు రింగ్ ల్యాండ్ అని పిలిచే భాగం, గోరంత మేర విరిగి ఉంది. విరిగిన ముక్క రింగు గాడిలోనే ఇరుక్కుపోవడం వల్ల సిలిండరు గోడ మీద లోతైన గీతలు పడలేదు. ఆ పిస్టను చేతిలో పట్టుకుని కూర్చున్న సాయంత్రమే ఒక నిర్ణయానికి వచ్చాను. ఇది ఎందుకు విరిగిందో స్పష్టంగా తెలిసేవరకు ఒక్క కొత్త భాగం కూడా తెప్పించకూడదు. కొత్త పిస్టను వేసి పాత కారణాన్ని అలాగే వదిలేస్తే అదే కారణం దాన్నీ విరగ్గొడుతుంది.

కారు మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 8. దాని 4జీ63 ఇంజను 1992లో వచ్చిన మొదటి ఎవల్యూషన్ నుంచి తొమ్మిదో ఎవల్యూషన్ వరకు మార్పులు చేర్పులతో కొనసాగింది. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్డు, 85 మి.మీ. బోరు (సిలిండరు వ్యాసం), 88 మి.మీ. స్ట్రోకు (పిస్టను కదిలే దూరం), మొత్తం 1997 సీసీ. ఇనుప బ్లాకు బరువు ఎక్కువే గానీ అధిక పీడనానికి ఓర్చుకుంటుంది, అరిగితే మళ్ళీ బోరు కొట్టించుకోవచ్చు. ఇంట్లో కూర్చుని ఇంజను కట్టాలనుకునే నాలాంటివారికి ఆ రెండు గుణాలూ ఎంతో ముఖ్యం. కారు నా చేతికి వచ్చేనాటికే బూస్టు మీద, అంటే టర్బో గాలిని నొక్కి ఇంజనులోకి తోసేటప్పుడు, నీలి పొగ వదులుతోంది, క్రాంక్ కేసు గొట్టం గుండా నూనె వెళ్ళగక్కుతోంది.

ఇంజను దించడానికి ముందే లీక్‌డౌన్ పరీక్ష చేశాను. ఒక్కొక్క పిస్టనునూ కంప్రెషన్ స్ట్రోకు చివర పైస్థానంలో ఉంచి, స్పార్క్ ప్లగ్గు రంధ్రం గుండా కంప్రెసరు గాలిని పంపి, అందులో ఎంత శాతం కారిపోతోందో చూసే పరీక్ష ఇది. మిగతా మూడు సిలిండర్లలో నష్టం 10 శాతం లోపే ఉండగా మూడోదానిలో 55 శాతం గాలి కారిపోయింది. ఎంత పోతోందన్న దానికంటే ఎటు పోతోందన్నది ఎక్కువ సంగతులు చెబుతుంది. సైలెన్సరు గొట్టంలో బుసబుస వినిపిస్తే ఎగ్జాస్టు వాల్వు, థ్రాటిల్ దగ్గర వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటరులో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్టు, నూనె పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు. నాకు నూనె మూత దగ్గరే స్పష్టంగా వినిపించింది. ఇంజనును స్టాండు మీద తలకిందులు చేసి పిస్టన్లు తీసేనాటికి ఏం కనిపించబోతోందో సగం తెలిసే ఉంది.

రింగ్ ల్యాండ్ సాధారణంగా రెండు కారణాల వల్ల విరుగుతుంది. మొదటిది రింగు కొసల మధ్య ఖాళీ చాలకపోవడం: వేడికి రింగు వ్యాకోచించి రెండు కొసలూ ఒకదానికొకటి తగిలితే ఇక జరగడానికి చోటు లేక, గోడను గట్టిగా పట్టేసి, గట్టును పెకలిస్తుంది. అలా జరిగినప్పుడు కొసలు తళతళ మెరుస్తూ కనిపిస్తాయి. నా రింగు కొసలు మసకగానే ఉన్నాయి కాబట్టి ఆ కారణాన్ని పక్కన పెట్టాను. రెండోది నాకింగ్. స్పార్కు వెలిగించిన మంట ఒక పద్ధతి ప్రకారం వ్యాపిస్తూ ఉండగానే, అది ఇంకా చేరని మూల ఉన్న మిశ్రమం వేడికీ పీడనానికీ తట్టుకోలేక తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమనడం ఇది. ఆ పీడన తరంగం పిస్టను అంచు మీద సుత్తిదెబ్బలా పడుతుంది. మూడో పిస్టను పై అంచున ఇసుక చల్లినట్టు సన్నటి గుంటలు కనిపించాయి. మూడో స్పార్క్ ప్లగ్గు పింగాణీ మీద అతిచిన్న అల్యూమినియం చుక్కలు అంటుకుని ఉన్నాయి. నాకింగ్ జరిగిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మరి నాకింగ్ ఎందుకు వచ్చింది? కారులో పాత యజమాని పెట్టించిన చిన్న మరతిప్పుడు బూస్టు కంట్రోలరు ఒకటి ఉంది. వేస్ట్‌గేటు అంటే కొంత పొగను టర్బైను పక్కనుంచి దారి మళ్ళించి బూస్టును అదుపులో ఉంచే గేటు. దానికి అందే పీడనంలో కొంత బయటకు వదిలేసి, గేటును ఆలస్యంగా తెరుచుకునేలా చేసే వాల్వు ఈ కంట్రోలరు. దాంతో బూస్టు పెరుగుతుంది గానీ, పెరిగిన గాలికి తగిన పెట్రోలు అందుతోందో లేదో అది చూడదు. ఇక్కడ ఒక విషయం వివరంగా చెప్పాలి. పెట్రోలు పీడనాన్ని నియంత్రించే రెగ్యులేటరు, ఇంజనులోకి గాలి వెళ్ళే మానిఫోల్డుతో ఒక చిన్న గొట్టం ద్వారా కలిసి ఉంటుంది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టరుకు రెండు వైపులా పీడన భేదం ఎప్పుడూ సుమారు 3 బార్లు ఉండాలి కాబట్టి, బూస్టు 1.4 బార్లకు చేరితే రైలులో, అంటే ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టంలో, పీడనం 4.4 బార్లకు చేరాలి. అంటే ఇంజను ఎక్కువ పెట్రోలు అడిగే క్షణంలోనే పంపు అన్నిటికంటే ఎక్కువ పీడనానికి ఎదురు తోయాలి. ఏ విద్యుత్ పంపు అయినా పీడనం పెరిగేకొద్దీ తక్కువ పోస్తుంది, వోల్టేజీ తగ్గితే ఇంకా తక్కువ పోస్తుంది.

ఇంజను స్టాండు మీద ఉండగానే, పంపును నేరుగా నిండు వేగంతో నడిపి మల్టీమీటరు పెట్టాను. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు, ట్యాంకు మూత దగ్గర పంపు కొనల మీద 10.2. మధ్యలో ఎక్కడో 2.3 వోల్టులు పోతున్నాయి. వెనక సీటు కింద తీగను అంగుళం అంగుళం వెతుకుతూ పోతే, ఎవరో ఎప్పుడో పంపు మార్చినప్పుడు రెండు తీగలను మెలివేసి టేపు చుట్టి వదిలేసిన చోటు దొరికింది. టేపు విప్పితే లోపల రాగి ఆకుపచ్చగా మారి, చుట్టూ ఉన్న తొడుగు వేడికి గోధుమరంగుకు తిరిగి ఉంది. ఒక పక్క బూస్టు పెంచారు, మరో పక్క పెట్రోలు పంపు సగం ఆకలితో నడిచింది. పై వేగాల్లో మిశ్రమం పలచబడింది, పలచబడిన మిశ్రమం వేడెక్కింది, అందరికంటే ముందు మూడో సిలిండరు లొంగిపోయింది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలేలతో ఒక మందపాటి తీగను నేరుగా పంపుకు వేసి కొలిచినప్పుడు పంపు కొనల దగ్గర 12.2 వోల్టులు చూపించింది. ఆ రాత్రి నాకు కలిగిన తృప్తి తరవాత ఇంజను మొదటిసారి స్టార్టు అయినప్పుడు కూడా కలగలేదంటే అతిశయోక్తి కాదు.

కారణం దొరికాకే మార్పుల గురించి ఆలోచించాను. పెద్ద టర్బో వేయాలన్న కోరిక నాకు లేదు. ఫ్యాక్టరీ టర్బోతోనే, 1.4 బార్ల బూస్టును ఏళ్ళ తరబడి నమ్మకంగా మోయగల ఇంజను కావాలి. దానికి కాగితం మీద లెక్క కట్టడం మొదటి పని. కొత్త పిస్టన్లు 85.5 మి.మీ. కాబట్టి ఇంజను పరిమాణం 2021 సీసీ అవుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి ఆ పరిమాణాన్ని పీల్చుకుంటుంది కాబట్టి 7000 ఆర్‌పీఎం వద్ద నిమిషానికి సుమారు 7070 లీటర్లు. బయటి గాలి 30 డిగ్రీలు ఉండి, కంప్రెసరు సామర్థ్యం 72 శాతం అనుకుంటే, 2.4 రెట్ల పీడనానికి (బయటి గాలిది 1, బూస్టు 1.4) నొక్కబడిన గాలి దాదాపు 150 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. ఇంటర్‌కూలరు ఆ పెరుగుదలలో 80 శాతం తీసేస్తే ఇంజనుకు చేరేసరికి 54 డిగ్రీలు. ఆ వేడి వద్ద, సిలిండర్లు 95 శాతం నిండుతాయనుకుంటే, నిమిషానికి సుమారు 17.2 కిలోల గాలి. గాలికీ పెట్రోలుకూ 11.5 నిష్పత్తి కావాలంటే నిమిషానికి దాదాపు 1.5 కిలోల పెట్రోలు, అంటే ఒక్కో ఇంజెక్టరుకు సుమారు 505 సీసీ. ఈ కారు ఇంజెక్టర్లు 560 సీసీవి. అంటే అవి 90 శాతం సమయం తెరుచుకునే ఉండాలి. 85 శాతం దాటనివ్వకూడదన్నది నా నియమం కాబట్టి కనీసం 600 సీసీ కావాలి. అందుకే 650 సీసీ ఇంజెక్టర్లు తీసుకున్నాను. నిజానికి ఈ టర్బో పై వేగాల్లో అంత బూస్టు నిలబెట్టదు, కొంత జారవిడుస్తుంది. అయినా లెక్క ఎప్పుడూ కష్టమైన స్థితికే వేయాలి.

బోరు కొట్టడం, హోనింగ్ (సిలిండరు గోడను రాపిడి రాళ్ళతో సన్నగా రుద్దడం), హెడ్డు సమతలం చేయడం, క్రాంక్ షాఫ్టుకు మెరుగు పెట్టడం ఇంట్లో జరిగే పనులు కావు. వాటిని మెషీన్ షాపుకు అప్పగించాను. అయితే కొలతలు మాత్రం తిరిగి వచ్చాక నేనే స్వయంగా తీశాను. హోనింగ్ చేసేటప్పుడు బ్లాకు మీద హెడ్డుకు బదులుగా టార్క్ ప్లేటు అనే మందపాటి పలక బిగించమని ముందే అడిగాను. హెడ్డు బోల్టులు బిగించినప్పుడు సిలిండరు పైభాగం కొన్ని మైక్రాన్లు వంకర పోతుంది, ఆ వంకర ఉన్న స్థితిలోనే గుండ్రంగా హోన్ చేస్తే నడిచేటప్పుడు గుండ్రంగా ఉంటుంది.

పిస్టన్ల విషయంలో 2618 అనే ఫోర్జ్‌డ్ మిశ్రమలోహాన్ని ఎంచుకున్నాను. ఇందులో సిలికాన్ చాలా తక్కువ కాబట్టి నాకింగ్ దెబ్బకు పగలకుండా కొంత వంగి ఓర్చుకుంటుంది. ఆ సిలికాన్ లేకపోవడం వల్లనే వేడికి ఎక్కువగా వ్యాకోచిస్తుంది కూడా. అందుకే పిస్టనుకూ గోడకూ మధ్య ఖాళీ 0.09 మి.మీ. వరకు ఇవ్వాల్సి వచ్చింది. చల్లగా ఉన్నప్పుడు ఉదయం మొదటి నిమిషంలో లోపల టకటకమని చప్పుడు చేస్తుంది, వేడెక్కాక ఆగుతుంది. సుమారు 12 శాతం సిలికాన్ ఉండే 4032 రకం నిశ్శబ్దంగా ఉంటుంది గానీ నాకింగ్‌ను అంతగా క్షమించదు. నా పాత పిస్టను కథ తెలిశాక నాకు చప్పుడు పెద్ద సమస్యగా అనిపించలేదు.

రింగు కొసల ఖాళీ మీద నేను రెండు పూర్తి రోజులు గడిపాను. టర్బో లేని ఇంజనుకు బోరులో 0.0045 వంతు చాలంటారు, టర్బో ఉన్నదానికి 0.0055 వంతు లేదా అంతకంటే కొంత ఎక్కువ. 85.5 మి.మీ. బోరుకు అది 0.47 మి.మీ. ప్రతి రింగునూ అది పనిచేయబోయే సిలిండరులోకే దించి, పిస్టనుతో తోసి సమంగా నిలబెట్టి, ఫీలర్ గేజీతో చూసి, బయటికి తీసి ఆకురాయితో రెండు మూడు సార్లు మాత్రమే రాసి, మళ్ళీ లోపల పెట్టి చూడాలి. ఆకురాయిని బయటి అంచు నుంచి లోపలి వైపుకే తోయాలి, ఎదురు తోస్తే బయటి పూత పెచ్చులూడుతుంది. ఖాళీ కాస్త ఎక్కువైతే కొద్దిగా పీడనం పోతుంది, అంతే. తక్కువైతే మొదట చెప్పిన ప్రమాదం వస్తుంది. కాబట్టి సందేహం వచ్చినప్పుడు ఎక్కువ వైపే మొగ్గాలని నా అభిప్రాయం.

బేరింగుల సంగతి కూడా కొలతే. జర్నలు, అంటే క్రాంక్ షాఫ్టు మీద బేరింగులో తిరిగే గుండ్రటి భాగం. దాని వ్యాసంలో వెయ్యో వంతు ఖాళీ ఉండాలన్నది పాత నియమం. మెయిన్ జర్నళ్ళు 57 మి.మీ. కాబట్టి 0.057, రాడ్డు జర్నళ్ళు 45 మి.మీ. కాబట్టి 0.045. మైక్రోమీటరుతో జర్నలును, బోర్ గేజీతో బేరింగులు వేసి టార్కు చేసిన రంధ్రాన్ని కొలిచి, రెండో అంకెలోంచి మొదటిదాన్ని తీసేయాలి. మూడో మెయిన్ దగ్గర నాకు 0.035 మాత్రమే వచ్చింది. నేను తప్పు కొలిచానేమోనని, మైక్రోమీటరునూ క్రాంకునూ రాత్రంతా ఒకే గదిలో ఉంచి, రెండింటి వేడి సమానమయ్యాక ఉదయం మళ్ళీ కొలిచాను. అదే అంకె వచ్చింది. కొద్దిగా పలచనైన బేరింగు పెంకును తెప్పించి వేశాక 0.052కు వచ్చింది. రాడ్డు బోల్టులను టార్కు అంకెతో బిగించలేదు. బోల్టు ఎంత సాగిందో గేజీతో కొలిచి, తయారీదారు కాగితంలో చెప్పిన సాగుడు వచ్చేవరకు బిగించాను. బోల్టు మరల మధ్య నూనె ఏ కొంచెం మారినా టార్కు రెంచి చూపే అంకె మారిపోతుంది, సాగుడు మాత్రం మోసం చేయదు.

శుభ్రత గురించి ఎంత చెప్పినా తక్కువే. హోనింగ్ తరవాత సిలిండరు గోడల గీతల్లో సన్నటి రాపిడి పొడి దాగి ఉంటుంది. పెట్రోలుతోనో థిన్నరుతోనో కడిగితే అది పోదు. వేడి నీళ్ళు, సబ్బు, బ్రష్షుతో రుద్ది, తెల్లటి గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండేవరకు మళ్ళీ మళ్ళీ కడిగి, వెంటనే నూనె పట్టించాలి, లేదంటే నిమిషాల్లో తుప్పు పుడుతుంది. నూనె దారుల బిరడాలు కూడా తీసి లోపల పొడవాటి బ్రష్షు నడిపాను. ఆయిల్ కూలరును మాత్రం కడగడానికి ప్రయత్నించకుండా మార్చేశాను. దాని సన్నటి అరల్లో చిక్కుకున్న లోహపు పొడి ఎంత కడిగినా పూర్తిగా రాదు, కొత్త బేరింగుల్లోకి మొదటి రోజే చేరుతుంది.

విరిగిన ముక్క గాడిలోనే ఉండిపోవడం టర్బోకు కూడా మేలు చేసింది. అది ఎగ్జాస్టు గుండా వెళ్ళి ఉంటే టర్బైను రెక్కల కొసలు చిట్లి ఉండేవి. ఈ ఇంజనులో సిలిండర్లు 1-3-4-2 క్రమంలో మండుతాయి కాబట్టి ఒకటి, నాలుగు సిలిండర్ల పొగ ఒక దారిలో, రెండు, మూడు సిలిండర్ల పొగ మరో దారిలో టర్బైను చక్రం వరకు విడివిడిగా చేరుతుంది. వెంటవెంటనే మండే సిలిండర్ల పొగ ఒకదానికొకటి అడ్డుపడకుండా చేసిన ఏర్పాటు ఇది. ఆ రెండు దారుల నడుమ ఉండే గోడ పగిలిందేమో దీపం పెట్టి చూశాను, పగలలేదు. లక్ష ఆర్‌పీఎం దాటి తిరిగే ఇరుసు కేవలం పలచటి నూనె పొర మీద తేలుతుంది కాబట్టి, టర్బో నుంచి నూనె కిందికి దిగే గొట్టం ఎక్కడా వంపు లేకుండా, గ్యాస్కెట్టు అడ్డం రాకుండా ఉండాలి.

ఇక టైమింగ్ బెల్టు, అంటే వాల్వుల కదలికను క్రాంకు తిరుగుడుతో కలిపి ఉంచే పెద్ద బెల్టు. ఈ ఇంజనుతో పరిచయం ఉన్నవారు కొంత భయంతో మాట్లాడేది ఇక్కడే. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంకుకు రెట్టింపు వేగంతో పుట్టే కంపనాన్ని, అదే వేగంతో ఎదురెదురుగా తిరిగే రెండు బ్యాలెన్స్ షాఫ్టులతో అణచే పద్ధతిని మిత్సుబిషి 1970ల నుంచి వాడుతోంది. పోర్షే సంస్థ కూడా 944 కారు కోసం దానికి లైసెన్సు తీసుకుంది. ఈ షాఫ్టుల్లో ఒకదాన్ని నడిపే చిన్న బెల్టు తెగితే అది పెద్ద బెల్టు కిందికి పోయి వాల్వులనూ పిస్టన్లనూ ఢీకొట్టిస్తుంది. అందుకే చాలామంది వీటిని తీసేస్తారు. నేను ఉంచాను. కొత్త బెల్టును సమయానికి మారుస్తూ పోతే ప్రమాదం లేదు, కంపనం తగ్గడం వల్ల కారు రోజువారీ వాడకానికి హాయిగా ఉంటుంది. రెండో షాఫ్టు ఆయిల్ పంపుతో కలిసి తిరుగుతుంది. దాని పళ్ళచక్రం గుర్తు సరిగా కలిసినట్టు కనిపించినా షాఫ్టు లోపల తలకిందులుగా ఉండవచ్చు. బ్లాకు పక్కన ఉన్న బిరడా తీసి 8 మి.మీ. స్క్రూడ్రైవరు దూర్చితే అది 60 మి.మీ. లేదా ఎక్కువ లోపలికి పోవాలి. 20, 25 మి.మీ. దగ్గరే ఆగిపోతే చక్రాన్ని ఒక చుట్టు తిప్పి మళ్ళీ చూడాలి. నాకు మొదటిసారి ఆగిపోయింది, గుర్తులు మాత్రం చక్కగా కలిసే ఉన్నాయి. బెల్టు వేశాక క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, పావుగంట ఆగి, టెన్షనరు కడ్డీ 3.8 నుంచి 4.5 మి.మీ. మధ్య బయటికి ఉందో లేదో చూడాలి. నాది 4.1.

మొదటిసారి స్టార్టు చేసేముందు ప్లగ్గులు తీసి, ఇంజెక్టర్ల కరెంటు తెంచి, నూనె పీడనం ముల్లు లేచేవరకు స్టార్టరుతో తిప్పాను. రింగులు గోడలకు కుదురుకోవాలంటే ఇంజను మీద భారం పడాలి. ఖాళీగా గంటల తరబడి నడపడం వల్ల గోడలు నున్నబడతాయే తప్ప రింగులు కుదురుకోవు. కాబట్టి వేస్ట్‌గేటు స్ప్రింగు ఇచ్చే కనీస బూస్టుతోనే, మధ్య వేగాల్లో భారం మీద పైకి నడిపి, కాలు తీసి గేరులోనే నెమ్మదించనిచ్చి, అలా చాలాసార్లు చేశాను. 50 కిలోమీటర్లకు నూనె మార్చి ఫిల్టరును కోసి కాగితపు మడతలు విప్పి చూశాను. సన్నటి బూడిదరంగు మెరుపు తప్ప కంటికి కనిపించే తునకలేవీ లేవు.

ట్యూనింగ్ కోసం ఆ మరతిప్పుడు కంట్రోలరును తీసిపారేసి, బూస్టును కారు సొంత ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు) చేతికే తిరిగి ఇచ్చి, దానిలోని పట్టికలనే తిరగరాశాను. మిశ్రమాన్ని కొలిచే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సరుతో పాటు రైలులో పెట్రోలు పీడనాన్ని కొలిచే సెన్సరు ఒకటి అదనంగా పెట్టాను. ఇంతకుముందు ఆ సెన్సరు ఉండి ఉంటే మూడో పిస్టను విరిగేది కాదు. బూస్టును 0.1 బారు చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా ఆగి, నాకింగ్ లెక్క, మిశ్రమం, పీడనం మూడింటినీ చదివి, బాగున్నాయనిపిస్తేనే తదుపరి మెట్టు ఎక్కాను. ఇప్పుడు 1.4 బార్ల వద్ద రైలు పీడనం 4.4 దగ్గర వంగకుండా నిలుస్తోంది. పై వేగాల్లో బూస్టు నేననుకున్నట్టే 1.2కు జారుతోంది, ఇంజెక్టర్లు 75 శాతం దాటడం లేదు.

1500 కిలోమీటర్లు పూర్తయ్యాక మొన్న మళ్ళీ లీక్‌డౌన్ పరీక్ష చేశాను. ఒకటి 7 శాతం, రెండు 6, నాలుగు 7. మూడోది 6. నూనె మూత దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నాను గానీ సన్నని ఊపిరి వంటి చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. తరవాతి పని క్లచ్చి. ఇప్పుడున్నది నాలుగో గేరులో భారం మీద కొద్దిగా జారడం మొదలుపెట్టింది.